నీవ్ అనే ఐరిష్ పేరుకి అసలు అర్థం ఏంటి, ఆ కథ ఎక్కడిది, మన పాపకి పెట్టొచ్చా?

ముందు మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. మీరు ఐర్లాండ్‌లో కార్క్‌లో ఉంటున్నారు, మార్చిలో పాప పుట్టబోతోంది, ఆఫీసులో ఒక ఐరిష్ ఫ్రెండ్ ఎన్-ఐ-ఏ-ఎమ్-హెచ్ అని రాసి "నీవ్" అని పలికే పేరు చెప్పింది, మీకు బాగా నచ్చేసింది. కానీ నెట్‌లో చూస్తే ఒకచోట దేవత అన్నారు, ఒకచోట వెలుగు అన్నారు, ఇంకోచోట మంచు అన్నారు. పైగా మీ అత్తగారు ఆ కథ ఎవరిచేతో చెప్పించుకుని విని "మొగుడూ పెళ్ళాం విడిపోయే కథ, పసిపిల్లకి ఆ పేరెందుకు" అంటున్నారు. ఇండియాలో ఆ స్పెల్లింగ్ ఎవరు చదువుతారన్నది మీవారి బెంగ.

సూటిగా చెప్పేస్తా. అర్థం వెలుగు, కాంతి, మెరుపు. పాత ఐరిష్‌లో నీఅవ్ అంటే తళతళలాడే కాంతి, అంతే, అందులో అనుమానం ఏమీ లేదు. మంచు అన్నది తప్పు, ఇటాలియన్‌లో మంచుని నేవె అంటారు, ఆ స్పెల్లింగు ఈ పేరుని ఇంగ్లీషులో సులువుగా రాసే స్పెల్లింగూ ఒకటే అవడంతో ఎవరో రెండూ కలిపేశారు. దేవత అన్నది సగం సగం మాట, దాని గురించి కింద చెప్తా. పెట్టొచ్చా అంటే నిక్షేపంగా పెట్టొచ్చు, నా ఓటు అయితే ఆ స్పెల్లింగ్ మార్చకుండా పెట్టమనే.

నేను ఐర్లాండ్ వచ్చి 19 ఏళ్ళు అవుతోందండీ. మాది తెనాలి దగ్గర. ఇక్కడ డబ్లిన్‌లో మాంటిస్సోరి టీచర్‌ని, 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలు, రోజూ పొద్దున హాజరు పిలిచే ఉద్యోగం కాబట్టి ఐరిష్ పేర్లు నా నోట్లో నలిగినంత ఇంకేవీ నలగలేదు. ఆ పేర్ల కోసమే మొదట ఐరిష్ భాష ఈవినింగ్ క్లాసులకి వెళ్ళాను, ఒక టర్మ్ అనుకున్నది ఆరేళ్ళు సాగింది, ఇప్పుడు మా పేట లైబ్రరీలో శనివారాలు పిల్లలకి ఈ కథలు చెప్తుంటాను కూడా. మనవాళ్ళు పేరు గురించి అడగడానికి నాకు ఫోన్ చేయడం మామూలే, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు పలకడం సంగతి. నా మొదటి ఏడాది క్లాసులో ముగ్గురు నీవ్‌లు ఉండేవారు. మొదటి రోజు లిస్టు చూసి నేను "నియామ్" అని పిలిచాను, ఎవరూ పలకలేదు, రెండోసారి "నియమ్హ్" అన్నాను, అప్పుడు ఎర్ర కోటు వేసుకున్న నాలుగేళ్ళ పిల్ల లేచి నా దగ్గరకొచ్చి, కాగితం మీద తన పేరు దగ్గర వేలు పెట్టి, "ఇది నీవ్, నేనే" అంది. అంత చిన్నపిల్ల తన పేరు అంత శ్రద్ధగా నాకు నేర్పించడం చూసి ఆ సాయంత్రమే క్లాసులకి పేరు ఇచ్చాను.

మనం ఎందుకు తప్పు చదువుతామంటే, మనకి ఇంగ్లీషు అక్షరాల్లో హెచ్ కనిపిస్తే ఒత్తు పలకడం అలవాటు. బి పక్కన హెచ్ ఉంటే భ, డి పక్కన ఉంటే ధ, అలా చదువుకుంటూ పెరిగాం కదా. ఐరిష్‌లో ఆ హెచ్ పని పూర్తిగా వేరు, అది ముందున్న హల్లుని మెత్తబరుస్తుంది. బి పక్కన హెచ్ వస్తే వ, ఎమ్ పక్కన హెచ్ వచ్చినా వ (కొన్ని జిల్లాల్లో పెదాలు గుండ్రంగా పెట్టి పలికే వ). దీన్ని షేవూ అంటారు, మెత్తన చేయడం అని అర్థం. మ ఎక్కడ, వ ఎక్కడ అనుకోకండి, ఇది మన ఇంట్లో రోజూ జరిగేదే. మామిడికాయని మావిడికాయ అంటాం, మామయ్యని మావయ్య అంటాం, మా నాయనమ్మ జన్మలో ఒక్కసారి కూడా మామిడికాయ అన్న పాపాన పోలేదు. రెండు అచ్చుల మధ్య మ పడితే నోరు దాన్ని వ చేసేస్తుంది, ఐరిష్‌వాళ్ళ నోరు కూడా అదే చేసింది, కాకపోతే వాళ్ళు పాత మ-ని కాగితం మీద అలాగే ఉంచుకుని పక్కన ఒక గుర్తు పెట్టుకున్నారు. ఈ మావిడికాయ సంగతి చెప్పాక నా దగ్గరకొచ్చిన తెలుగువాళ్ళు ఎవరూ ఈ పేరు మళ్ళీ తప్పు పలకలేదండీ.

ఆ గుర్తు కూడా మొదట్లో హెచ్ కాదు. మా ఈవినింగ్ క్లాస్ టీచరు ఒకరోజు వాళ్ళమ్మగారి చిన్నప్పటి నోటుబుక్కు తెచ్చి చూపించారు, నీలం సిరాతో పాత గేలిక్ లిపిలో రాసింది. అందులో ఎమ్ అక్షరం నెత్తిమీద చిన్న చుక్క, అంతే, హెచ్ లేదు. మనం ద కింద చిన్న గీత పెడితే ధ అయినట్టు, వాళ్ళకి పైన చుక్క పెడితే హల్లు మెత్తబడుతుంది. 20వ శతాబ్దం మధ్యలో స్కూలు పుస్తకాలన్నీ మామూలు రోమన్ అచ్చుకి మారిపోయాక ఆ చుక్కకి బదులు అన్నిచోట్లా హెచ్ రాయడం మొదలైంది. ఆ చుక్కలు చూసిన దగ్గర్నుంచి నాకు ఆ స్పెల్లింగ్ గజిబిజిగా అనిపించలేదు.

ఇంకోటి, నిజంగా ఐరిష్ మాట్లాడేవాళ్ళ నోట ఇది ఒకే ముక్క "నీవ్" కాదు, "నీఅవ్" అన్నట్టు మధ్యలో చిన్న అ వినిపిస్తుంది, మొదటి న కూడా కాస్త న్య లాగా ఉంటుంది. ఊళ్ళో మామూలుగా అందరూ నీవ్ అనే అంటారు, మీరూ అలాగే అనండి.

అర్థం గురించి ఇంకాస్త. నీవ్ అన్నది ఇప్పటికీ ఐరిష్‌లో మామూలు మాటే. నీవ్‌రఖ్ అని విశేషణం ఉంది, ధగధగలాడేది అని. బంగారానికో, మెరుగుపెట్టిన లోహానికో, అందమైన ముఖానికో ఉండే నిగారింపు లాంటిది. అందుకే నన్నడిగితే మన పేర్లలో దీనికి దగ్గరగా ఉండేది జ్యోతి కాదు, జ్యోతి అంటే దీపం. ప్రభ, దీప్తి, కాంతి, ఈ మూడూ సరిగ్గా సరిపోతాయి. "మా మనవరాలి పేరు ప్రభ, కాకపోతే ఐరిష్‌లో" అని మీ అత్తగారు చుట్టాలకి ధైర్యంగా చెప్పుకోవచ్చు.

ఇక కథ. మీ అత్తగారు విన్నది ఏ వెర్షనో నాకు తెలీదు కాబట్టి మొదట్నుంచీ చెప్తా.

ఫిన్ మాక్ కూల్ అనే నాయకుడు, ఆయన దళం పేరు ఫియానా, అడవుల్లో వేటాడుతూ రాజ్యాన్ని కాపాడే వీరులు. ఫిన్ కొడుకు ఒషీన్. ఒషీన్ అంటే లేడిపిల్ల అని అర్థం, ఎందుకంటే వాళ్ళమ్మ సైవ్‌ని ఒక మంత్రగాడు లేడిగా మార్చేశాడు. గవ్రా యుద్ధంలో ఫియానా దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, మిగిలిన కొద్దిమంది ఒక పొద్దున మంచులో లోఖ్ లేన్ ఒడ్డున వేటాడుతున్నారు. ఆ లోఖ్ లేన్ మీకు దగ్గరే, కిల్లార్నీలో ఉన్న పెద్ద సరస్సే, కార్క్ నుంచి గంటన్నర డ్రైవ్.

పడమటి దిక్కు నుంచి తెల్ల గుర్రం మీద ఒక అమ్మాయి వస్తుంది. ఈ కథ చెప్పే ఐరిష్ పద్యంలో ఆ వర్ణన ఎంత బాగుంటుందో. నెత్తిన కిరీటం, కాళ్ళ దాకా జీరాడే గోధుమరంగు పట్టు అంగీ, దానినిండా ఎర్రబంగారు చుక్కలు, పసుపుపచ్చటి జుట్టు ఉంగరాలు ఉంగరాలుగా, ఒక్కో ఉంగరానికీ ఒక బంగారు రింగు వేలాడుతూ ఉంటుంది. కళ్ళు నీలంగా, గడ్డి మీద మంచుబొట్టు ఎంత తేటగా ఉంటుందో అంత తేటగా. గుర్రానికి బంగారు నాడాలు. ఆ అమ్మాయే నీవ్ ఖిన్ ఓర్, అంటే బంగారు తల నీవ్. ఓర్ అంటే బంగారం.

ఫిన్ "ఎవరమ్మా నువ్వు, నీ మొగుడు నిన్ను వదిలేశాడా" అని అడుగుతాడు. లేదు, నాకింకా పెళ్ళి కాలేదు, నేను యువకుల దేశం రాజు కూతుర్ని, నీ కొడుకు ఒషీన్ గురించి విని మనసు పడి వచ్చాను అంటుంది. నాకు ఈ పేరులో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. ఎవరూ ఆమెని ఎత్తుకుపోలేదు, ఎవరూ గెలుచుకోలేదు, తనే నిర్ణయించుకుని సముద్రం దాటి వచ్చి, తండ్రి ఎదురుగా కొడుకుని అడిగింది. మన రుక్మిణి కూడా తనకి కావలసినవాడిని తనే నిర్ణయించుకుని కృష్ణుడికి కబురు పంపింది, ఈవిడ కబురు పంపకుండా నేరుగా గుర్రమేసుకుని వచ్చేసింది.

ఒషీన్ ఎక్కి కూర్చుంటాడు, గుర్రం మూడుసార్లు సకిలించి నీళ్ళ మీద పరుగెడుతుంది, ఒడ్డున ఫిన్ మూడు కేకలు పెట్టి ఏడుస్తాడు. వాళ్ళు చేరే చోటు తీర్ నా నోగ్, ఆమె చెప్పిన యువకుల దేశం. తీర్ అంటే దేశం, నేల. వినడానికి మన తీరంలా ఉంటుంది కానీ దానికి చుట్టం తీరం కాదు, భాషల చరిత్ర చదివినవాళ్ళు చెప్పే ప్రకారం అది సంస్కృతంలో తృష్ణ అనే మాట ఉన్న ధాతువు నుంచి వచ్చింది, ఎండిన నేల అనే అర్థంతో. అక్కడ ముసలితనం లేదు, చావు లేదు. పెళ్ళి అవుతుంది, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురి పేరు ప్లూర్ నా మాన్, ఆడవాళ్ళలో పువ్వు అని.

కొన్నాళ్ళకి ఒషీన్‌కి నాన్న మీద బెంగ పుడుతుంది. ఒక్కసారి చూసి వచ్చేస్తానంటాడు. నీవ్ ఆపదు. గుర్రం ఇస్తుంది, కానీ నేల మీద కాలు మోపితే మళ్ళీ తిరిగి రాలేవు అని మూడుసార్లు చెప్తుంది, ఏడుస్తూ చెప్తుంది. అతను వచ్చి చూస్తే ఐర్లాండ్‌లో 300 ఏళ్ళు గడిచిపోయాయి, కోటలు ఉన్నచోట గడ్డీ గాదం మొలిచాయి, మనుషులు కూడా పొట్టిగా బలహీనంగా అయిపోయారు. గ్లాన్ నా స్మోల్ అనే లోయలో కొంతమంది పెద్ద బండ ఎత్తలేక దాని కింద నలిగిపోతూ ఉంటే, సాయం చేద్దామని గుర్రం మీంచే వంగి ఒంటిచేత్తో బండని విసిరేస్తాడు. ఆ ఊపుకి జీను పట్టీ తెగుతుంది. నేల మీద పడతాడు. అక్కడికక్కడే చూపు పోయి, ముడతలు పడి, ముసలివాడైపోతాడు. గుర్రం బెదిరి పారిపోతుంది. తర్వాత అతన్ని ఐర్లాండ్‌లో క్రైస్తవం ప్రచారం చేసిన సెయింట్ పాట్రిక్ దగ్గరికి తీసుకెళ్తారు, ఇదంతా అతను పాట్రిక్‌కి చెప్పినట్టుగానే పద్యం నడుస్తుంది.

ఆ లోయ మా వైపే, డబ్లిన్ కొండల్లో, ఇప్పుడు గ్లెనస్మోల్ అంటారు. పాటపిట్టల లోయ అని అర్థం. నేను స్కూలు పిల్లల్ని తీసుకుని రెండుసార్లు వెళ్ళాను, కింద డాడర్ నది మీద కట్టిన నీళ్ళ రిజర్వాయర్లు ఉంటాయి, మెత్తటి తడి గడ్డి, నేల మీద అడుగేస్తే చెప్పు దిగబడుతుంది. ఒక పాప బండరాయి చూసి దాని మీద చెయ్యి వేసి "ఇదేనా టీచర్" అని గుసగుసగా అడిగింది. ఇదే అయ్యుండొచ్చమ్మా అన్నాను.

ఇప్పుడు దేవత సంగతి. చాలా వెబ్‌సైట్లు నీవ్‌ని సముద్రదేవుడు మానానాన్ కూతురు అని, సెల్టిక్ దేవత అని రాసేస్తాయి. నీవ్‌కి పూజ జరిగినట్టు, గుడి ఉన్నట్టు నేను చదివినదాంట్లో ఎక్కడా లేదు. మానానాన్ కూతురన్నది తర్వాత తిరగరాసినవాళ్ళ కథల్లో మాట, పైన చెప్పిన పద్యంలో ఆమె తండ్రి తీర్ నా నోగ్ రాజు. అసలు ఆ పద్యం కూడా మనం అనుకున్నంత పాతది కాదు. దాన్ని రాసింది క్లేర్ జిల్లాకి చెందిన మీహాల్ కొమీన్ అనే కవి, 1750 ప్రాంతంలో. అంటే మన వేమన తర్వాతే అన్నమాట. 1889లో ఐరిష్ కవి యేట్స్ ఇదే కథని ఇంగ్లీషులో పెద్ద కావ్యంగా రాశాక ప్రపంచమంతా పాకింది.

అలాగని కొమీన్ గాల్లోంచి పుట్టించాడని కాదు. పరలోకం నుంచి ఒక స్త్రీ వచ్చి మగవాడిని పిలుచుకుపోవడం అనేది ఐరిష్‌లో వెయ్యేళ్ళ పైబడిన కథ. కొన్లా అనే రాజకుమారుడికి ఒక ఆపిల్ ఇచ్చి గాజు పడవలో తీసుకుపోయే ఆవిడ ఒకరు, బ్రాన్ అనే ఆయన్ని సముద్రయాత్రకి పిలిచిన ఆవిడ ఒకరు, వాళ్ళిద్దరికీ ఆ కథల్లో పేరే లేదు. బ్రాన్ కథలో అయితే తిరిగొచ్చిన నెఖ్తాన్ అనే అతను పడవలోంచి ఒడ్డుకి దూకగానే బూడిదైపోతాడు, ఒషీన్ పడిపోయి ముసలివాడవడానికి పెద్దన్న ఆ ఘట్టమే. ఇంకో సంగతి, 1200 ప్రాంతంలో రాసిన పాత గ్రంథంలో కూడా ఒషీన్, అతని తోటి వీరుడు కీల్తా బతికుండి పాట్రిక్ కాలాన్ని చూస్తారు, కానీ అక్కడ తీర్ నా నోగ్ లేదు, ఊరికే చాలా ఏళ్ళు బతికారు, అంతే. పాత చరిత్ర పట్టీల్లో గవ్రా యుద్ధం 284లో, పాట్రిక్ రావడం 432లో అని ఉంటుంది, మధ్యలో 150 ఏళ్ళే. ఆ 300 ఏళ్ళు లెక్క కోసం వచ్చినవి కావు, గుండె బరువెక్కడం కోసం వచ్చినవి. కాబట్టి ఎవరైనా అడిగితే "దేవత పేరు" అని చెప్పకండి, యువకుల దేశపు రాజకుమారి పేరు అని చెప్పండి, అది కచ్చితంగా నిజం.

ఈ కథ మొదటిసారి ఐరిష్‌లో చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది మన రేవతి కథ. పోతన భాగవతం నవమ స్కంధంలో వస్తుంది. రైవతుడు, కకుద్మి అని కూడా అంటారు, కూతురు రేవతికి వరుడు ఎవరో అడుగుదామని ఆమెని వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్తాడు, అక్కడ పాట జరుగుతుంటే అయ్యేదాకా ఆగుతాడు, ఆ కాసేపట్లో భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి, తను అనుకున్న వరులే కాదు, వాళ్ళ మనవల మనవలు కూడా లేరు. విష్ణుపురాణంలో అయితే తిరిగొచ్చాక మనుషులు పొట్టిగా, బలం తగ్గి కనిపిస్తారు, బలరాముడు నాగలితో రేవతిని తనకి సరిపడా పొట్టి చేస్తాడు. ఒషీన్ చూసిన పొట్టి మనుషులు ఇక్కడా ఉన్నారు చూడండి. ఎవరినుంచి ఎవరు తీసుకున్నారని నేను అనను, కానీ మీ అత్తగారికి ఈ కథ చెప్పి దాని పక్కన ఆ కథ చెప్పండి, పరాయి కథ అనిపించదు.

ఇంకో నీవ్ కూడా ఉంది, చాలామందికి తెలీదు. ఐర్లాండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ వీరుల కథల్లో కొనల్ కెర్నఖ్ అనే వీరుడి భార్య. మహావీరుడు కూహులిన్‌ని చంపడానికి శత్రువుల మాయలు యుద్ధపు కేకలు పుట్టిస్తుంటే, అతను ఆవేశంగా బయటికి పోకుండా ఒక లోయలో దాచిపెడతారు, ఎంత చప్పుడైనా వినపడని లోయ, దాని పేరు చెవిటివాళ్ళ లోయ. ఐరిష్‌లో చెవిటిని బౌర్ అంటారు, రాతలో పాత రూపం చూస్తే బొధర్, అది మన బధిరకి సొంత అక్కచెల్లెలు, నిజంగానే ఒకే మూలం. అక్కడ అతను మాట వినేది నీవ్ ఒక్కదానిదే, నా అనుమతి లేకుండా కదలకు అని మాట తీసుకుంటుంది. చివరికి శత్రువర్గం ఆడది, బైవ్ అని, అచ్చు నీవ్ రూపంలో వచ్చి "వెళ్ళు" అంటుంది, అతను ఆమె మాటే అనుకుని వెళ్ళి చనిపోతాడు. నాకు ఇక్కడ గుర్తు పెట్టుకోవాలనిపించే విషయం ఏంటంటే, అంత పెద్ద వీరుడిని ఆపగలిగిన గొంతు నీవ్‌ది, అందుకే శత్రువు కూడా ఆమె రూపమే దొంగిలించాల్సి వచ్చింది.

ఇక మీ అత్తగారి భయం. దీన్ని తీసిపారేయకండి, పెద్దవాళ్ళు పేరు విషయంలో ఆలోచించడం సహజం, నేనూ కొన్ని ఐరిష్ పేర్లు వద్దనే చెప్తాను. ఉదాహరణకి డెయిర్డ్రా, ఆ పిల్ల పుట్టకముందే ఈమె వల్ల రాజ్యం తగలబడుతుందని జోస్యం చెప్తారు, కథంతా ఆ జోస్యం నిజమవడమే, ఆ కథ నచ్చి పెట్టుకునే ఐరిష్‌వాళ్ళు ఉన్నారు, మనవాళ్ళు అడిగితే మాత్రం నేను ముందు ఈ సంగతి చెప్తా. ఈఫా అనే పేరులో ఒక వీరవనిత ఉంది, సవతిపిల్లల్ని హంసలుగా మార్చిన పినతల్లీ ఉంది, చెప్పే పెట్టమంటా. నీవ్ విషయంలో అలాంటిదేం లేదు. ఆమె ఎవరికీ కీడు చేయలేదు, ఆమెకి శాపం లేదు, కథలో బాధ వచ్చింది ఒషీన్ తన తండ్రి కోసం వెళ్ళడం వల్ల, సాయం చేయబోవడం వల్ల. మనం సీత అని పెట్టుకోవట్లేదా? సీతమ్మ పడ్డ కష్టాలు తెలీక కాదు కదా, ఆవిడ గుణం చూసి పెట్టుకుంటాం. మా పిన్నత్తగారి పేరు సీతామహాలక్ష్మి, నలుగురు మనవలతో తెనాలిలో హాయిగా ఉన్నారు.

ఈ పేరు ఇక్కడ మనుషులకి పెట్టుకోవడం పాతకాలంలో చాలా అరుదు, కథల్లోనే ఎక్కువ. 20వ శతాబ్దంలో భాష మీద ప్రేమ తిరిగి పెరిగాక ఇళ్ళల్లోకి వచ్చింది, 1990లు 2000ల్లో బాగా పెరిగింది, నా క్లాసులో ముగ్గురు ఉన్నారంటే అందుకే. మీ కార్క్‌కి దీనితో గట్టి బంధం ఉంది కూడా. 1993లో యూరోవిజన్ పాటల పోటీ మీ జిల్లాలోనే మిల్‌స్ట్రీట్ అనే చిన్న ఊళ్ళో జరిగింది, గెలిచింది ఐర్లాండే, పాడినావిడ నీవ్ కావనా. అలాగే కార్క్ హార్బర్‌లో హాల్‌బౌలిన్ నేవీ బేస్ ఓడల్లో ఒకదాని పేరు నీవ్, 2001లో నేవీలో చేరింది. ఐరిష్ నేవీ చాలాకాలం తన ఓడలకి పురాణ స్త్రీల పేర్లే పెట్టేది. 2015లో ఆ ఓడ మధ్యధరా సముద్రంలో మునిగిపోతున్న వలసజనాన్ని రక్షించడానికి వెళ్ళింది, ఆ వేసవంతా టీవీలో ఆ పేరు వింటూనే ఉన్నాం. సముద్రం మీద నుంచి వచ్చిన అమ్మాయి పేరు, నీళ్ళల్లోంచి మనుషుల్ని పైకి లాగిన ఓడకి ఉందని మా క్లాసు పిల్లలకి చెప్తే వాళ్ళకి ఆ కథే వేరేగా వినిపించింది.

స్పెల్లింగ్. నాకు తెలిసిన ఒక తెలుగు జంట గాల్వేలో ఉంటారు, ఇండియాలో ఇబ్బంది అవుతుందని ఎన్ తర్వాత రెండు ఈలు పెట్టి, వి, ఈ అని పలికినట్టు రాయించారు. ఇండియాలో సమస్య తీరింది కానీ ఇక్కడ స్కూల్లో మొదలైంది, ప్రతి కొత్త టీచరూ ఐరిష్ స్పెల్లింగ్‌లో రాసేస్తారు, ఆ పిల్ల దిద్దుకుంటూ ఉంటుంది. పిల్ల పెరిగేది ఇక్కడ, రోజూ రాసుకునేది ఇక్కడ, ఇండియా వెళ్ళేది రెండేళ్ళకి ఒకసారి, కాబట్టి ఇక్కడివాళ్ళు కళ్ళు మూసుకుని రాసే స్పెల్లింగే మేలు అని నా అనుభవం. ఈ పేరు మీద ఫాడా, అంటే అచ్చు మీద పెట్టే ఏటవాలు గీత, ఉండదు, అది ఇంకో అదృష్టం, ఆ గీత ఉన్న పేర్లు పాస్‌పోర్టు, విమానం టికెట్టు, స్కూలు రికార్డు మూడుచోట్లా మూడు రకాలుగా పడుతుంటాయి. ఏ స్పెల్లింగ్ అయినా జనన నమోదు రోజున ఒక్కటే ఖాయం చేసుకుని మిగతా కాగితాలన్నిటిలో అక్షరం తేడా లేకుండా అదే రాయించండి. నమోదుకి ఇక్కడ 3 నెలల గడువు ఉంటుంది కాబట్టి మన 21వ రోజు బారసాల అయ్యాక తీరిగ్గా వెళ్ళొచ్చు.

తెలుగులో రాసేటప్పుడు మాత్రం నీవ్ అని వినపడినట్టే రాయండి, పెళ్ళి శుభలేఖల్లో నియామ్ అని పడ్డది ఒకటి నేను చూశాను. "నీవు" లాగా వినిపిస్తుంది, అది ఇబ్బందా అని కొందరు అడుగుతారు. మాటల్లో మనం నువ్వు అనే అంటాం, నీవు అన్నది కీర్తనల్లో పద్యాల్లో దేవుణ్ణి పిలిచే మాట, నాకైతే అది పిల్లకి దొరికిన ఇంకో వరం అనిపిస్తుంది. హిందీవాళ్ళకి నీవ్ అంటే పునాది, అదీ మంచి మాటే.

నక్షత్రం చూస్తారా మీ ఇంట్లో? నీ అక్షరం అనూరాధ రెండో పాదానికి వస్తుంది. పాప ఆ నక్షత్రంలో పుట్టకపోతే మన పద్ధతి మనకి ఉండనే ఉంది, నక్షత్రం పేరు బియ్యంలో రాసి చెవిలో చెప్పే పేరు ఒకటి, పిలిచే పేరు ఒకటి. రెండు పేర్లూ కాగితం మీద పెడదాం అనుకుంటే మాత్రం నీవ్ రేవతి అని పెట్టండి, పైన చెప్పిన కథలు రెండూ ఒక పిల్ల దగ్గర కలుస్తాయి. మీ అత్తగారు ఆ రెండో పేరు పట్టుకుని "రేవతీ" అని పిలిచినా పాప పలుకుతుంది.

ముందు ఒక పని చేయండి, అత్తగారికి ఫోన్ చేసి మావిడికాయ అనమనండి, తర్వాత నీవ్ అనమనండి. పాప పుట్టాక ఏం పెట్టారో ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటా.